డిస్నీలాండ్ గేటు ఎదుట చవక బస: తెగని లెక్కల మీద ఒక సమీక్ష

దక్షిణ కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌కు డిస్నీలాండ్ చూడటానికి బయల్దేరే కుటుంబాన్ని టికెట్ల ధర తర్వాత ఎక్కువగా ఆలోచింపజేసేది బస. డిస్నీ సొంత హోటల్లో దిగాలా? హార్బర్ బూలెవార్డ్ మీద మోటెల్ తీసుకుని నడిచి వెళ్ళాలా? మూడు నాలుగు మైళ్ళ అవతల తక్కువ అద్దెకు గది చూసుకుని కారులో రావాలా? ఏళ్ళ తరబడి ఈ చర్చ సాగుతూనే ఉంది, సాగేకొద్దీ చిక్కుపడుతోంది. ఒకరు అద్దె లెక్క చెబుతారు, ఒకరు నడక నిమిషాలు చెబుతారు, ఇంకొకరు పిల్లల మధ్యాహ్నపు నిద్ర సంగతి ఎత్తుతారు. ఎవరి కొలత ప్రకారం వారి మాట నిజమే. అందుకే అద్దెల పట్టిక ఒక్కటే ముందు పెట్టుకుంటే ఈ ప్రశ్న తేలదు. గేటు ఏ వైపు ఉంది, రాత్రి తిరిగి వచ్చే దారి ఏది, వెంట వచ్చేది ఎవరు అన్న మూడు సంగతులు తెలిస్తే చాలావరకు తేలిపోతుంది.

నారింజ తోటల మధ్య మొదలైన కథ

గేటుకు ఎదురుగా, రోడ్డు దాటితే చాలనేంత దగ్గరలో, డిస్నీకి చెందని చవక మోటెళ్ళు వరుసగా ఉండటం డిస్నీ పార్కుల్లో అరుదైన విషయం. దీని వెనుక ఎవరి పథకమూ లేదు. అప్పట్లో డబ్బు చాలకపోవడమే కారణం.

1953లో వాల్ట్ డిస్నీ తరఫున స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హారిసన్ ప్రైస్ స్థలాలు పరిశీలించి, కొత్తగా వస్తున్న శాంటా ఆనా ఫ్రీవే పక్కన ఆనహైమ్‌లో నారింజ తోటలున్న 160 ఎకరాల చోటును సూచించారు. పార్కు నిర్మాణానికి దాదాపు 1.7 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఆ మొత్తం కూడగట్టడానికే వాల్ట్ డిస్నీ టెలివిజన్ సంస్థ ఏబీసీతో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. చుట్టూ ఉన్న భూమి కొనే స్తోమత లేకపోయింది. 1955 జులై 17న డిస్నీలాండ్ తెరుచుకుంది. అదే ఏడాది అక్టోబరులో పక్కనే డిస్నీలాండ్ హోటల్ మొదలైంది. దాన్ని కట్టింది డిస్నీ సంస్థ కాదు, టెలివిజన్ నిర్మాత జాక్ రాథర్. పేరు డిస్నీది, సొత్తు రాథర్‌ది. రాథర్ కార్పొరేషన్‌ను కొనుక్కుని ఆ హోటల్‌ను డిస్నీ తన చేతిలోకి తెచ్చుకునేసరికి 1988 వచ్చింది.

ఈలోగా హార్బర్, కటెల్లా రోడ్ల పొడవునా మోటెళ్ళు పుట్టుకొచ్చాయి. స్టోవాల్ కుటుంబం అంతరిక్ష యుగపు హంగులతో స్పేస్ ఏజ్ లాడ్జ్, కాస్మిక్ ఏజ్ లాడ్జ్ లాంటివి కట్టింది. 1965లో వచ్చిన హోవార్డ్ జాన్సన్‌కు ప్రసిద్ధ వాస్తుశిల్పి విలియం పెరెరా సంస్థ రూపకల్పన చేసింది. కారులో వచ్చే మధ్యతరగతి అమెరికన్ కుటుంబాన్ని మెరిసే బోర్డులతో, ఈత కొలనులతో పిలిచిన కాలం అది. వాల్ట్ డిస్నీకి మాత్రం ఆ వరుస నచ్చలేదు. 1965లో ఫ్లోరిడా పార్కును ప్రకటించేనాటికి ఆయన అక్కడ దాదాపు 27,000 ఎకరాలు గుట్టుగా కొనిపెట్టుకున్నారంటే, ఆనహైమ్ పరిస్థితి మళ్ళీ రాకూడదన్నదే ముఖ్యకారణం.

1990లలో ఆనహైమ్ నగరం ఆ వీధుల రూపం మార్చింది. 1994 ప్రణాళిక ప్రకారం వేలాడే కరెంటు తీగలు భూమిలోకి వెళ్ళాయి, భారీ బోర్డులు దిగిపోయాయి, వరుసగా తాటి జాతి చెట్లు వచ్చాయి. 2001లో రెండో పార్కు కాలిఫోర్నియా అడ్వెంచర్, దుకాణాల వీధి డౌన్‌టౌన్ డిస్నీ, గ్రాండ్ కాలిఫోర్నియన్ హోటల్ తెరుచుకున్నాయి. మోటెళ్ళు కొన్ని పేర్లు మార్చుకున్నాయి, కొన్నిటిని కూల్చేశారు, మిగిలినవి బాగుపడ్డాయి. నేటి చర్చ ఆ మిగిలినవాటి గురించే.

కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి?

రెండు పార్కుల గేట్లు ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్య ఒక పెద్ద ఆవరణ. అందులోకి తూర్పున హార్బర్ బూలెవార్డ్ నుంచి, పడమర డౌన్‌టౌన్ డిస్నీ నుంచి దారులున్నాయి. ఉత్తరాన బాల్ రోడ్డు, దక్షిణాన కటెల్లా అవెన్యూ పార్కు గోడకు దగ్గరగానే ఉన్నా, వాటి మీద నుంచి సందర్శకులు లోపలికి వెళ్ళే గేటు లేదు. ఈ ఒక్క సంగతి తెలియక మోసపోయేవాళ్ళు ఎందరో.

కటెల్లా మీదున్న ఆల్పైన్ ఇన్ దీనికి మంచి ఉదాహరణ. పటంలో చూస్తే కాలిఫోర్నియా అడ్వెంచర్‌లోని కార్స్ ల్యాండ్ వెనక గోడను ఆనుకున్నట్టే ఉంటుంది. కానీ గోడ దూకి వెళ్ళలేం కదా. కటెల్లా మీదుగా హార్బర్‌కు వచ్చి, ఉత్తరానికి తిరిగి, తూర్పు ద్వారం చేరుకోవాలి. పావుగంట దాకా నడక. హార్బర్ మీద సిగ్నల్‌కు ఎదురుగా ఉన్న బెస్ట్ వెస్టర్న్ ప్లస్ పార్క్ ప్లేస్ ఇన్ నుంచి రోడ్డు దాటితే చాలు, అయిదారు నిమిషాల్లో సెక్యూరిటీ తనిఖీ దగ్గర ఉంటారు. దాని పక్కనున్న ట్రోపికానా ఇన్, క్యామిలాట్ ఇన్, పార్క్ వ్యూ ఇన్‌లకూ ఇంచుమించు అదే దూరం. కొంచెం ఉత్తరాన ఫెయిర్‌ఫీల్డ్, దాని పైన హోవార్డ్ జాన్సన్ ఉన్నాయి. వీటి నుంచి పది నిమిషాలు నడవాలి. దక్షిణాన ఉన్న క్యాండీ కేన్ ఇన్ నుంచీ నడక అంతే. కాకపోతే అది పార్కు ఉన్న వైపే ఉంది కాబట్టి హార్బర్ దాటే పని ఉండదు. చిన్నపిల్లలను వెంటేసుకుని అర్ధరాత్రి తిరిగి వచ్చేవాళ్ళకు ఇది చిన్న లాభమేమీ కాదు.

ఇంకో విశేషం చాలామందికి తెలియదు. డిస్నీ సొంత హోటళ్ళలో డిస్నీలాండ్ హోటల్ నుంచి గేటుకు డౌన్‌టౌన్ డిస్నీ గుండా నడవడానికి పట్టే సమయం, హార్బర్ మీది తొలి వరుస మోటెళ్ళ నుంచి పట్టేదానికంటే ఎక్కువ. గ్రాండ్ కాలిఫోర్నియన్ సంగతి వేరు, దానికి కాలిఫోర్నియా అడ్వెంచర్‌లోకి సొంత ద్వారమే ఉంది. అద్దె కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

కాబట్టి "ఎన్ని మైళ్ళు" అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. గది తలుపు నుంచి సెక్యూరిటీ వరుస దాకా ఎన్ని నిమిషాలు, ఎన్ని సిగ్నళ్ళు అన్నది చూడాలి. ఉదయం అక్కడ వరుసలో నిలబడే సమయం హోటల్ దూరాన్నిబట్టి మారదు. ఆ సమయాన్ని హోటల్ దూరంలో కలిపి చెప్పే సమీక్షలు పాఠకుడిని తప్పుదారి పట్టిస్తున్నాయి.

నాలుగు వాదాలు

మొదటిది డిస్నీ హోటళ్ళ పక్షం. బస కూడా యాత్రలో భాగమే, అలంకరణ, సేవ, పార్కులోకి ముందస్తు ప్రవేశం లాంటి సౌకర్యాలకు విలువ కట్టాలి అంటారు వీళ్ళు. సేవ విషయంలో వాళ్ళ మాట కాదనలేం. అయితే ముందస్తు ప్రవేశపు నియమాలు ఏళ్ళు గడిచేకొద్దీ మారుతూ వచ్చాయి. ఆ ఒక్కదాన్ని నమ్ముకుని రెట్టింపు అద్దె కట్టడం తెలివైన పని కాదు.

రెండోది హార్బర్ నడక పక్షం. వీళ్ళ వాదనలో బలమంతా మధ్యాహ్నంలో ఉంది. వేసవిలో ఉదయం ఎనిమిదింటికి లోపలికి వెళ్ళిన నాలుగేళ్ళ పిల్ల ఒంటిగంటకు అలిసిపోతుంది, డెబ్బై ఏళ్ళ తాతగారికి మోకాళ్ళు పట్టేస్తాయి. అప్పుడు గదికి వచ్చి, భోంచేసి, రెండు గంటలు పడుకుని, సాయంత్రం చల్లబడ్డాక మళ్ళీ వెళ్ళగలిగితే ఆ రోజు రెండు రోజులంత అవుతుంది. గది మూడు మైళ్ళ దూరంలో ఉంటే అలా వచ్చిపోవడం మాటల్లోనే మిగిలిపోతుంది. రాత్రి సంగతీ అంతే. బాణసంచా అయ్యాక వేలమంది ఒక్కసారిగా మిక్కీ అండ్ ఫ్రెండ్స్ పార్కింగ్ భవనానికి ట్రామ్ ఎక్కడానికి వరుస కడతారు. నిద్రపోతున్న పిల్లను ఎత్తుకుని స్ట్రోలర్ మడిచి పట్టుకోవాలి. ఆ సమయానికి హార్బర్ దాటినవాళ్ళు గదిలో పడక మీద ఉంటారు.

మూడోది షటిల్ పక్షం. కొంచెం దూరంలో ఉండి బస్సు పట్టుకుంటే అద్దె మిగులుతుందన్నది వీరి లెక్క. ఆనహైమ్ రిసార్ట్ ప్రాంతంలో ఏళ్ళ తరబడి తిరిగిన బస్సులే ఈ వాదానికి ఆధారం. కానీ బస్సుల ఏర్పాట్లు ఎప్పుడూ ఒకేలా ఉంటాయన్న భరోసా లేదు. హోటల్ ప్రకటనలో "షటిల్ ఉంది" అని చూసి గది తీసుకోవడం నేడు ప్రమాదం. అది హోటల్ సొంత బండా, డబ్బు కట్టాలా, రాత్రి ఎన్నింటి దాకా తిరుగుతుంది అని ఫోన్ చేసి అడగాల్సిందే. నాలుగు పక్షాల్లోనూ బలహీనంగా మిగిలింది ఇదే.

నాలుగోది కారు పక్షం. ఇర్వైన్‌లోనో లాస్ ఏంజెలెస్ శివార్లలోనో ఉన్నవాళ్ళకు, బంధువుల ఇంట్లో దిగేవాళ్ళకు హోటల్ అవసరమే లేదన్నది వీళ్ళ మాట. దక్షిణ కాలిఫోర్నియాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో చాలామంది సహజంగా ఈ దారే పడతారు. ఒక్కరోజు సందర్శనకు అది సరైన దారే. రెండు మూడు రోజుల టికెట్ తీసుకుని, ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకుని రోజూ రాత్రి పదకొండింటికి ఫ్రీవే ఎక్కేవాళ్ళకు మాత్రం అది పొదుపు అనిపించదు. బే ఏరియా నుంచి ఆరేడు గంటలు కారు నడిపి వచ్చేవాళ్ళకైతే ఈ వాదమే వర్తించదు.

మొత్తం బిల్లు

ఆనహైమ్‌లో గది అద్దె మీద నగరం 15 శాతం బస పన్ను వేస్తుంది. రిసార్ట్ ప్రాంతంలో దానికి మరో 2 శాతం పర్యాటక రుసుము కలుస్తుంది. అంటే 17 శాతం. 2024 జులై నుంచి కాలిఫోర్నియాలో, 2025 మే నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన నియమాల ప్రకారం తప్పనిసరి రుసుములను మొదట చూపే ధరలోనే కలపాలి. ప్రభుత్వ పన్నులను మాత్రం విడిగా చూపవచ్చు. కాబట్టి తెర మీద కనిపించే ధరకు ఈ 17 శాతం తర్వాత చేరే అవకాశం ఇప్పటికీ ఉంది.

ఒక ఊహా లెక్క వేద్దాం. నడక దూరంలో గది రోజుకు 220 డాలర్లు, మూడు మైళ్ళ అవతల 150 డాలర్లు అనుకుందాం. రెండింటికీ 17 శాతమే పడుతుందనుకుంటే మొదటిది 257 డాలర్ల 40 సెంట్లు, రెండోది 175 డాలర్ల 50 సెంట్లు. తేడా దాదాపు 82 డాలర్లు. కారులో వెళ్ళేవాళ్ళు పార్కులో బండి నిలపడానికి కట్టాలి. 2024లో అది రోజుకు 35 డాలర్లు. అది తీసేస్తే తేడా 47కు దిగుతుంది. విమానంలో వచ్చి కారు అద్దెకు తీసుకోనివాళ్ళు పార్కింగ్ కట్టరు గానీ, దూరపు గది నుంచి రెండు పూటలా టాక్సీ ఖర్చు భరించాలి. మధ్యాహ్నం ఒకసారి గదికి వచ్చిపోతే నాలుగు సార్లు. అప్పుడు తేడా ఇంకా కరిగిపోతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. హార్బర్ మోటెళ్ళు చాలావాటిలో రాత్రి పార్కింగ్‌కు విడిగా వసూలు చేస్తారు. సొంత కారులో వచ్చి అక్కడ దిగేవాళ్ళు ఆ రుసుమును కూడా లెక్కలో వేసుకోవాలి. అది 20 డాలర్లు అనుకుంటే తేడా మళ్ళీ 67కు పెరుగుతుంది. నడక పక్షం వాళ్ళు ఈ అంకెను తరచూ మరిచిపోతుంటారు.

ఇంకో వైపు నుంచి చూడాలి. 2024 అక్టోబరులో రద్దీ రోజుల టికెట్ ధర ఒక్కరికి 206 డాలర్లకు చేరింది. నలుగురి కుటుంబానికి ఒక్కరోజుకు 800 డాలర్లు దాటింది. అంత పెట్టిన రోజులో మూడు గంటలు రాకపోకలకు పోగొట్టుకుని గది మీద 50 డాలర్లు మిగుల్చుకోవడం పొదుపనిపించుకోదు. టికెట్ ఖరీదైనకొద్దీ దగ్గరి గదికి విలువ పెరుగుతుంది. ఈ చర్చలో నాకు బలమైన వాదంగా తోచింది ఇదే. గది తేడాను పక్క గది అద్దెతో పోల్చకుండా, పార్కులో దక్కే గంటల ఖరీదుతో పోల్చాలి.

తిండి సంగతి క్లుప్తంగా. ఉచిత అల్పాహారం హోటల్‌ను బట్టి ఉంటుంది. గొలుసు హోటల్ పేరు చూసి ఉంటుందనుకోవద్దు. శాకాహారులకు అక్కడ దొరికేవి రొట్టె, పండ్లు, పాలు, సీరియల్. గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయో లేవో అడిగి తీసుకుంటే పెద్దవాళ్ళకు పెరుగన్నం, పచ్చడి ఇబ్బంది ఉండదు. భారతీయ దుకాణాలు, భోజనశాలలు వరుసగా ఉండే ఆర్టీషియాలోని పయొనీర్ బూలెవార్డ్ కారులో వెళ్ళేవాళ్ళకు దూరం కాదు.

మిగతాచోట్ల ఎలా ఉంది?

ఫ్లోరిడాలో పార్కుల చుట్టూ ఉన్న భూమి అంతా డిస్నీది. అక్కడ తక్కువ అద్దె హోటళ్ళు కూడా దానివే. ఆల్ స్టార్, పాప్ సెంచురీ లాంటివాటి నుంచి పార్కుకు నడిచి వెళ్ళడం కుదరదు, బస్సో మరొకటో ఎక్కాలి. నడిచి వెళ్ళగలిగేవి ఖరీదైనవే. పారిస్ మరో పాఠం చెబుతుంది. 1992లో పార్కుతోపాటే డిస్నీ దాదాపు 5,200 గదులు తెరిచింది. సందర్శకులు వచ్చారు గానీ చాలామంది పారిస్ నగరంలో దిగి ఆర్ఈఆర్ రైలులో వచ్చిపోయారు. గదులు ఖాళీగా మిగిలాయి. తొలి సంవత్సరాల్లో ఆ సంస్థను అప్పుల్లో ముంచిన కారణాల్లో ఇదొకటి. రవాణా సాఫీగా, చవకగా ఉంటే దగ్గరితనం విలువ తగ్గుతుందని దీన్నిబట్టి తెలుస్తోంది. ఆనహైమ్‌లో అలాంటి రైలు లేదు కాబట్టే హార్బర్ మోటెళ్ళకు అంత గిరాకీ.

మన రామోజీ ఫిల్మ్ సిటీ ఫ్లోరిడా పద్ధతికే దగ్గర. సితార, తార లాంటి హోటళ్ళు ఆవరణ లోపలే, ఆ సంస్థవే. బయట దిగేవాళ్ళు విజయవాడ రహదారి మీద బండి ఎక్కి రావలసిందే. గేటు ఎదుట వేర్వేరు యజమానుల హోటళ్ళు పోటీ పడి అద్దె తగ్గించే పరిస్థితి అక్కడా లేదు.

చవక గదిలో ఉండేది పర్యాటకులేనా?

హోటళ్ళ పోలికల్లో ఎప్పుడూ కనిపించని ఒక విషయాన్ని ఈ సమీక్ష వదిలేయలేదు. ఆరెంజ్ కౌంటీలో అద్దె ఇళ్ళు అందుబాటులో లేక, ముందస్తు డిపాజిట్ కట్టలేక, వారాల తరబడి మోటెల్ గదుల్లోనే కాపురం చేసిన కుటుంబాలున్నాయి. వాటిలో పర్యాటక రంగంలో పనిచేసేవాళ్ళూ ఉన్నారు. 2010లో హెచ్‌బీఓ ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ ఈ కౌంటీ మోటెళ్ళలో పెరుగుతున్న పిల్లల గురించే. ఫ్లోరిడాలో ఇదే సమస్య 2017 నాటి 'ది ఫ్లోరిడా ప్రాజెక్ట్' సినిమాకు ఇతివృత్తమైంది. ఈ గదులు నగరానికి చివరి ఆశ్రయంగా కూడా పనిచేశాయన్నమాట. పాత మోటెల్ పోయి మెరుగైన హోటల్ వస్తే పర్యాటకుడికి మేలే. అక్కడి నుంచి కదిలిన కుటుంబం ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాన్ని అభివృద్ధి అనడం నాకు సమ్మతం కాదు.

తేలనివి

హార్బర్ వరుస భవిష్యత్తే అన్నిటికన్నా పెద్ద సందేహం. గేటుకు ఎదురుగా ఉన్న క్యారౌసెల్ ఇన్‌ను డిస్నీ 2015లో 3.2 కోట్ల డాలర్లకు కొని తర్వాత కూల్చింది. తూర్పున భారీ పార్కింగ్ భవనం, హార్బర్ మీదుగా పాదచారుల వంతెన కడతామని 2016లో ప్రకటించింది. ఆ నమూనాలో తమ అతిథులు చుట్టూ తిరిగి రావలసి వస్తుందని హార్బర్ హోటళ్ళవాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పారు. పథకం ఆగింది. 2024లో నగర పాలకమండలి డిస్నీలాండ్ ఫార్వర్డ్ అనే విస్తరణ ప్రణాళికను ఆమోదించింది. పదేళ్ళలో కనీసం 190 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతానని డిస్నీ ఒప్పుకుంది. తూర్పు వైపు పార్కింగ్, వంతెన మాట మళ్ళీ ముందుకొచ్చింది. వంతెన ఎక్కే చోటు ఎక్కడ పెడతారన్నదాన్నిబట్టి అయిదు నిమిషాల నడక పది అవుతుందో, సిగ్నల్ బెడద తప్పి మూడే అవుతుందో తేలుతుంది. మోటెళ్ళ దగ్గర మెట్లు, ర్యాంపు పెట్టడం ఇంజనీర్లకు కష్టమైన పని కాదు. నగరం పట్టుబట్టి సాధించవలసిన సంగతి అది.

నడక దూరపు గదులు తగ్గుతూ పోతే మిగిలినవాటి అద్దె ఎంత పెరుగుతుంది, చవక అన్న మాట వాటికి వర్తిస్తుందా అన్నదీ తేలలేదు. ఇప్పటికే సెలవుల వారాల్లో పాత మోటెల్ గదికి కూడా పెద్ద హోటల్ అద్దె అడుగుతున్నారు.

ఈ స్థితిలో ఎవరికి ఏది నప్పుతుందో చెప్పవచ్చు. రెండు రోజులకు మించి ఉండేవాళ్ళు, పదేళ్ళ లోపు పిల్లలో పెద్దవాళ్ళో వెంట ఉన్నవాళ్ళు, కారు లేకుండా వచ్చేవాళ్ళు హార్బర్ తూర్పు ద్వారానికి పది నిమిషాల లోపు గది తీసుకోవడమే మేలు. ఒక్కరోజు చూసి వెళ్ళేవాళ్ళకు, కుర్రకారుకు, ఆ చుట్టుపక్కల చుట్టాలున్నవాళ్ళకు దాని అవసరం లేదు. గది ఖాయం చేసుకునే ముందు పటంలో హోటల్ నుంచి "డిస్నీలాండ్" దాకా కాకుండా హార్బర్ మీది తూర్పు ద్వారం దాకా నడక దారి చూడండి. అద్దెకు 17 శాతం కలపండి, రాత్రి పార్కింగ్ ఎంతో అడగండి.